కుక్కకు ‘పడని’ తిండి: సంచి మీది ‘హైపోఅలెర్జెనిక్’ మాటకు అర్థమెంత?

చెవులు ఆగకుండా దులుపుకుంటూ, రాత్రిళ్లు పాదాలు నాకుతూ కూర్చునే కుక్క ఇంట్లో ఉంటే మొదట అనుమానం పోయేది తిండి మీదకే. వెంటనే డాగ్ ఫుడ్ మారుస్తారు. కొత్త సంచి మీద ‘హైపోఅలెర్జెనిక్’ అని ఉంటుంది. పది రోజులు చూస్తారు, దురద తగ్గదు. ‘గ్రెయిన్ ఫ్రీ’ తెస్తారు. అదీ కాదంటే ‘సెన్సిటివ్ స్కిన్’. ఆరు నెలల్లో నాలుగైదు సంచులు మారతాయి, కుక్క మాత్రం గోకుతూనే ఉంటుంది. పైగా ఆ పాటికి అది రుచి చూడని మాంసమంటూ పెద్దగా మిగలదు. ఈ ఆఖరి విషయం ఎంత నష్టమో తర్వాత గానీ తెలియదు.

హైపో అంటే ‘తక్కువ’ అని. ‘అసలు లేదు’ అని ఎవరూ అనలేదు. ప్రపంచంలోని కుక్కలన్నిటికీ పడే తిండి ఒకటుందని ఆ మాటలో హామీ లేదు. గొర్రె మాంసం ఒక కుక్కకు ఊరట, ఇంకో కుక్కకు అదే జబ్బు. ఏ కుక్కకు ఏది హైపోఅలెర్జెనిక్ అవుతుందో తేలాలంటే సంచి మీద చదివితే చాలదు, ఆ కుక్క ఇన్నాళ్లూ ఏం తిన్నదో చూడాలి.

‘పడదు’ అనే ఒక్క మాటలో రెండు జబ్బులు

తెలుగులో మనకు ‘పడదు’ అని భలే వాడుక ఉంది. పాలు తాగితే విరేచనాలయ్యే కుక్కకూ పాలు పడవంటాం, పాల వల్ల ఒళ్లంతా దురద పెట్టే కుక్కకూ అదే అంటాం. శరీరం లోపల మాత్రం ఇవి రెండూ వేరు వేరు కథలు.

మొదటిది అరగకపోవడం. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైమ్ పెద్ద కుక్కల్లో తక్కువగా ఉంటుంది. అరగని చక్కెర పేగుల్లో నీటిని లాగుతుంది, పులుస్తుంది, కడుపు కదులుతుంది. ఇందులో రోగనిరోధక వ్యవస్థకు ఏ పాత్రా లేదు. దీన్ని ఇంటాలరెన్స్ అంటారు. కొద్దిగా తాగితే ఏమీ కాకపోవచ్చు, ఎక్కువైతేనే ఇబ్బంది.

రెండోది అసలైన అలెర్జీ. ఇక్కడ శరీరం ఒక ప్రొటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ ఆ ప్రొటీన్ లోపలికి వచ్చినప్పుడల్లా యుద్ధం ప్రకటిస్తుంది. ఆ యుద్ధమే బయటకు దురదగా, చెవిపోటుగా, కొన్ని కుక్కల్లో వాంతులూ పలుచటి విరేచనాలుగా కనిపిస్తుంది. ఇక్కడ మోతాదుతో పెద్దగా పని లేదు. నేల మీద రాలిన చిన్న ముక్క కూడా చాలొచ్చు.

గుర్తుపెట్టుకోవాలంటే ముందు పరిచయం ఉండాలి కదా. అందుకే ఎప్పుడూ తినని పదార్థానికి అలెర్జీ సాధారణంగా రాదు. ‘మూడేళ్లుగా ఇదే తింటోంది, ఇప్పుడెందుకు పడదు?’ అనే ప్రశ్న పశువైద్యులు తరచుగా వినేదే. మూడేళ్లుగా తింటోంది కాబట్టే దాని మీద అనుమానం. నిన్న మొన్న మార్చిన తిండి కంటే ఏళ్ల తరబడి పెట్టిన తిండే దోషి అయ్యే అవకాశం ఎక్కువ.

దురద పెట్టే కుక్కలన్నిటికీ తిండి అలెర్జీ ఉండదు

కుక్కల్లో దురదకు కారణాలు చాలా ఉన్నాయి. బొచ్చులో గెంతే ఫ్లీ పురుగుల కాటు, దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, చర్మం మీద బ్యాక్టీరియా, ఈస్ట్. తిండి అలెర్జీ వీటిలో ఒకటి మాత్రమే. అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలను కలిపి 2017లో ఓలివ్రీ, ముల్లర్ అనే పశు చర్మవైద్య నిపుణులు ఒక సమీక్ష చేశారు. ఏదో ఒక జబ్బుతో వైద్యుడి దగ్గరకు వచ్చిన కుక్కలన్నిటిలో తిండి అలెర్జీ ఉన్నవి 1 నుంచి 2 శాతం. దురదతో వచ్చిన కుక్కలను మాత్రమే తీసుకుంటే అది 9 నుంచి 40 శాతం దాకా ఉంది. అంకెల మధ్య ఇంత దూరం ఉందంటే, ఏ ఆసుపత్రిలో ఎలాంటి కుక్కలను లెక్కించారన్న దాన్నిబట్టి ఫలితం మారిపోతోందన్నమాట.

చూడగానే ఇది తిండి వల్లే అని చెప్పగల గుర్తులు లేవు. కొన్ని ఆధారాలు మాత్రం అటువైపు మొగ్గు చూపిస్తాయి. కాలంతో పని లేకుండా ఏడాది పొడవునా ఉండే దురద, పదేపదే వచ్చే చెవి ఇన్ఫెక్షన్, మలద్వారం చుట్టూ దురద, చర్మంతోపాటు కడుపు కూడా బాగుండకపోవడం, ఏడాది నిండకముందే మొదలవడం. ఇవన్నీ ఉన్నా కారణం దుమ్ము పురుగులే కావచ్చు. రెండూ ఒకే కుక్కలో ఉండటం కూడా అరుదేమీ కాదు, ఆ చిక్కు దగ్గరకు చివర్లో వద్దాం.

297 కుక్కల లెక్క చెప్పేది, చెప్పనిది

ఏ పదార్థం మీద ఎక్కువ అనుమానపడాలి? తిండి అలెర్జీ నిర్ధారణైన 297 కుక్కల వివరాలతో 2016లో ఒక సమీక్ష వచ్చింది. వాటిలో బీఫ్‌కు స్పందించినవి 102, అంటే 34 శాతం. పాల పదార్థాలకు 17 శాతం, చికెన్‌కు 15, గోధుమకు 13, సోయాకు 6, గొర్రె మాంసానికి 5 శాతం. మొక్కజొన్న, గుడ్డు, పంది మాంసం, చేపలు, బియ్యం ఇంకా కిందికి ఉన్నాయి.

ఈ అంకెలను తలకిందులుగా చదివేవాళ్లు చాలామంది. ‘నూటికి 34 కుక్కలకు బీఫ్ పడదు’ అని దీనర్థం కాదు. ఇక్కడ లెక్కించింది అప్పటికే తిండి అలెర్జీ తేలిన కుక్కలను మాత్రమే. దురదతో వచ్చిన 100 కుక్కల్లో 20కి తిండి అలెర్జీ ఉందనుకుందాం. ఆ 20లో 34 శాతం అంటే సుమారు 7. అంటే దురద ఉన్న 100 కుక్కల్లో బీఫ్ మానేస్తే తేడా కనిపించగలిగేవి ఆరేడు. మామూలు కుక్కల్లో అయితే ఇంకా చాలా తక్కువ.

ఇంకో సంగతి. ఈ జాబితా చాలావరకు కుక్కలకు అలవాటుగా పెట్టే పదార్థాల జాబితాయే. ఎక్కువ పెట్టిన దానికే ఎక్కువ పరిచయం, పరిచయం ఉన్నదానికే అలెర్జీ. బీఫ్‌లో ఏదో ప్రత్యేకమైన విషం ఉందని ఈ అంకెలు చెప్పవు. అలవాటుగా కుందేలు మాంసం పెట్టేచోట ఇదే లెక్క వేస్తే కుందేలు పైకి రావచ్చు. గోధుమకు ఉన్న చెడ్డపేరు ముందు 13 శాతం చిన్నదేనన్నది కూడా ఇక్కడ గమనించాలి. దోషుల్లో ఎక్కువ భాగం మాంసం, పాలే.

రక్తపరీక్షతో తేలదా?

తేలితే ఎంత బాగుండేదో. రక్తంలో, లాలాజలంలో, చివరికి వెంట్రుకల్లో కూడా ‘ఈ పదార్థం పడదు’ అని చెప్పే పరీక్షలు అమ్ముతున్నారు. 2019లో వెంట్రుకల–లాలాజల పరీక్ష ఒకదాన్ని పరిశోధకులు చిలిపిగా పరీక్షించారు. అలెర్జీ ఉన్న కుక్క, లేని కుక్కల నమూనాలతోపాటు కృత్రిమ బొచ్చు, ఉప్పునీరు కూడా పంపారు. బొమ్మ బొచ్చుకు కూడా అలెర్జీల జాబితా తిరిగొచ్చింది.

రక్తపరీక్ష అంత హాస్యాస్పదం కాదు, అందులో నిజంగానే యాంటీబాడీలను కొలుస్తారు. చిక్కేమిటంటే ఆరోగ్యంగా ఉన్న కుక్కల రక్తంలోనూ తిన్న ఆహారానికి యాంటీబాడీలు ఉంటాయి. అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. తిండి అలెర్జీలో కొంత భాగం యాంటీబాడీల ప్రమేయం లేకుండా, రోగనిరోధక వ్యవస్థలోని టి–కణాల ద్వారా నడుస్తుంది కాబట్టి, పరీక్షలో ఏమీ లేదన్న పదార్థం కూడా పడకపోవచ్చు. అందుకే ఇప్పటికీ పశు చర్మవైద్యులు నమ్మేది పాతకాలపు పద్ధతినే. అనుమానం ఉన్నవన్నీ ఆపి, కొన్ని వారాలు ఒకే ఒక తిండి పెట్టి, తర్వాత పాత తిండి మళ్లీ పెట్టి చూడటం. దీన్ని ఎలిమినేషన్ డైట్ అంటారు. ఇది మొరటు పద్ధతే. ఇంతకంటే నమ్మదగింది మాత్రం ఇంకా రాలేదు.

హైపోఅలెర్జెనిక్ ఆహారం అసలు పని ఇక్కడే మొదలవుతుంది. దాన్ని ముందు పరీక్ష సామగ్రిగా చూడాలి. రోజూ పెట్టే భోజనమయ్యేది పరీక్ష పూర్తయ్యాకే. మందుల కొట్టు నుంచి తెచ్చిన థర్మామీటర్‌ను మందుగా వాడితే ఎలా ఉంటుందో, ఆ సంచిని ఊరికే తెచ్చి పదిరోజులు పెట్టి ఆపేయడం అలాగే ఉంటుంది.

మూడు దారులు, మూడింటికీ గుంతలు

మొదటి దారి ‘కొత్త ప్రొటీన్’. కుక్క ఎన్నడూ తినని మాంసం వెతికి పెట్టడం. జింక, కుందేలు, బాతు, కంగారూ వంటివి ఈ కోవలో వినిపిస్తాయి. సూత్రం తేలికే, పరిచయం లేనివాడితో పగ ఉండదు. ఆచరణలో రెండు అడ్డంకులు. ఒకటి, ప్రొటీన్లకు చుట్టరికాలున్నాయి. ఆవు, గొర్రె, జింక ఒక కుదురు. కోడి, బాతు, టర్కీ మరో కుదురు. చికెన్ పడని కుక్కకు బాతు ‘కొత్త’ అనుకుంటే మోసపోవచ్చు. కోడికీ చేపకూ కూడా కొన్ని ప్రొటీన్ల పోలికలు ఉన్నాయని ప్రయోగశాలలో తేలింది. పోలిక ఉన్న ప్రతి కుక్కకూ లక్షణాలు వస్తాయని కాదు, పరీక్ష ఫలితాన్ని నమ్మడం మాత్రం కష్టమవుతుంది.

రెండో అడ్డంకి కల్తీ అనలేం గానీ, కలిసిపోవడం. ఒకే యంత్రంలో ఉదయం చికెన్ దాణా, మధ్యాహ్నం జింక దాణా తయారైతే కొంచెం అటుది ఇటు చేరుతుంది. ఇలాంటి పరిమిత పదార్థాల పొడి ఆహారాలు 12 తీసుకుని 2013లో పరీక్షిస్తే, వాటిలో 10 లేబుల్‌లో చెప్పని జంతు పదార్థాన్ని బయటపెట్టాయి. ఇది జరిగింది 12 సంచుల మీదే, అన్ని కంపెనీలూ అంతే అనడానికి సరిపోదు. కానీ ‘జింక మాంసం పెట్టినా తగ్గలేదు, కాబట్టి తిండి అలెర్జీ కాదు’ అని తేల్చేసేముందు ఆ సంచిలో జింక ఒక్కటే ఉందా అని అడగక తప్పదు. వైద్యుల చీటీ మీద ఇచ్చే వెటర్నరీ డైట్లలో శుభ్రత మీద పట్టింపు సాధారణంగా ఎక్కువ. ధర ఎక్కువ కావడానికి అదీ ఒక కారణం.

రెండో దారి ‘హైడ్రోలైజ్డ్’ ఆహారం. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. ఇక్కడ కొత్త ప్రొటీన్‌ను వెతకరు, పాతదాన్నే ఎంజైములతో ముక్కలు చేస్తారు. ఎందుకో తెలియాలంటే అలెర్జీ మీట ఎలా నొక్కుకుంటుందో చూడాలి. రోగనిరోధక వ్యవస్థలోని మాస్ట్ కణాల మీద ఐజీఈ అనే యాంటీబాడీలు కొక్కేల్లా నిలబడి ఉంటాయి. ఒక ప్రొటీన్ పక్కపక్కనున్న రెండు కొక్కేలను ఒకేసారి పట్టుకుంటే కణం లోపలి నుంచి దురద పుట్టించే హిస్టమిన్ బయటకు వస్తుంది. ప్రొటీన్‌ను బాగా చిన్న ముక్కలు చేస్తే ఏ ముక్కా రెండు కొక్కేలను అందుకోలేదు. చిటికెన వేలంత తాడుతో రెండు గుంజలను కలిపి కట్టలేం కదా.

అసలు ప్రశ్న ఎంత చిన్నగా ముక్కలు చేశారన్నది. ఆ పరిమాణాన్ని డాల్టన్లలో, అంటే అణువుల బరువు కొలిచే ప్రమాణంలో చెబుతారు. కొన్ని ఆహారాల్లో ముక్కలు కొన్ని వేల డాల్టన్ల దాకా ఉంటాయి, మరికొన్నిటిలో దాదాపు అన్నీ వెయ్యి లోపే. తేడా కాగితం మీదే ఆగిపోదు. చికెన్ అలెర్జీ ఉన్న 10 కుక్కలకు ఒక అధ్యయనంలో రెండు రకాల హైడ్రోలైజ్డ్ ఆహారాలు పెట్టారు. కోడి కాలేయం నుంచి చేసినది తిన్నప్పుడు 4 కుక్కలకు దురద తిరగబెట్టింది. కోడి ఈకలను మరీ సన్నగా విడగొట్టి చేసినది తిన్నప్పుడు ఒక్కదానికీ రాలేదు. రెండు సంచుల మీదా ‘హైడ్రోలైజ్డ్’ అనే ఉంటుంది. దీన్నిబట్టి కొందరు వైద్యులు ముక్కల పరిమాణం చూస్తారు. ఇంకొందరు, కుక్క ఎప్పుడూ తినని మూలం నుంచి, ఉదాహరణకు చికెన్ తిన్నదానికి సోయా నుంచి చేసిన హైడ్రోలైజ్డ్ ఆహారం ఎంచుకుంటే రెండు జాగ్రత్తలూ కలిసొస్తాయంటారు. కొన్ని కుక్కలు దీని రుచి ఒప్పుకోవు, కొన్నిటికి విరేచనం పలుచబడుతుంది. అలాంటప్పుడు ఎంత గొప్ప శాస్త్రమైనా గిన్నెలోనే ఉండిపోతుంది.

మూడో దారి ఇంటి వంట. ఒక మాంసం, ఒక పిండిపదార్థం, అంతే. లోపల ఏముందో వండినవాళ్లకు పూర్తిగా తెలుసు, అదే దీని బలం. పరీక్షగా ఇదే శుద్ధమైనదని వాదించే నిపుణులు ఉన్నారు. పోషకాల దగ్గర మాత్రం ఇది బలహీనం. పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికే 200 కుక్కల వంటకాలను 2013లో విశ్లేషిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక అత్యవసర పోషకం తక్కువగా ఉంది. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. పెరిగిన కుక్క కొన్ని వారాలు దీన్ని తట్టుకోవచ్చు గానీ, ఎదిగే పిల్లకు ఇదే తిండి నెలలపాటు పెడితే ఎముకలు దెబ్బతింటాయి.

బ్రూనో అనే ఊహాకుక్కతో 127 రోజులు

ఇప్పుడు ఇవన్నీ ఒకచోట పెట్టి చూద్దాం. బ్రూనోకు మూడేళ్లు. తిన్నవాటి చిట్టా తీస్తే చికెన్ దాణా, గుడ్డు, పాలు, గోధుమ బిస్కెట్లు. మధ్యలో మూడు నెలలు ‘సెన్సిటివ్’ అని రాసిన గొర్రె మాంసం దాణా. చికెన్ తిన్నది కాబట్టి బాతు పక్కకు పోతుంది. గొర్రె తిన్నది కాబట్టి జింక మీద కూడా నమ్మకం సడలుతుంది. మిగిలింది కుందేలు, లేదా బాగా సన్నగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ ఆహారం. ఆ మూడు నెలల గొర్రె దాణా ఏ మేలూ చేయకపోగా ఒక తలుపు మూసేసింది. సంచులు మార్చడంలో నష్టముందని మొదట్లో అన్నది దీని గురించే.

పరీక్షకు ముందే చెవి ఇన్ఫెక్షన్‌కు మందు వేసి, ఫ్లీ పురుగులను అదుపు చేశారు. దురదను 0 నుంచి 10 మధ్య కొలిస్తే బ్రూనో 8 దగ్గర ఉంది. మూడో వారానికి 6. ఇక్కడే చాలామంది ఆశ వదులుకుంటారు. అలెర్జీ ఉన్న కుక్కల్లో 80 శాతానికి పైగా కుదుటపడటానికి 5 వారాలు, 90 శాతానికి పైగా కుదుటపడటానికి 8 వారాలు పడుతుందని 2015 నాటి ఒక విశ్లేషణ చెబుతోంది. బ్రూనో ఎనిమిదో వారానికి, అంటే 56వ రోజుకు, 2కు వచ్చింది.

తగ్గింది కదా, ఇక ఇదే పెడదామనడం సహజం. కానీ చెవి మందు వల్ల తగ్గిందా, పురుగులు పోవడం వల్లా, పుప్పొడి కాలం అయిపోవడం వల్లా, తిండి వల్లా? తేల్చే మార్గం పాత తిండి మళ్లీ పెట్టి చూడటమే. దీన్ని ఛాలెంజ్ అంటారు. బ్రూనోకు నాలుగో రోజున దురద 7కు ఎగబాకింది. పాత తిండి ఆపితే పది రోజుల్లో దిగింది. ఇది 70వ రోజు, తిండి అలెర్జీ అని ఖాయమైంది.

ఇక ఏ పదార్థం అన్నది. చికెన్ ఒక్కటే కలిపితే అయిదో రోజుకు దురద, తగ్గడానికి మరో పది రోజులు. 85. తర్వాత గుడ్డు 14 రోజులు, ఏమీ లేదు. 99. గోధుమ 14, ఏమీ లేదు. 113. పాలు 14, ఏమీ లేదు. 127. ఒక్కోదానికి పద్నాలుగు రోజులు ఎందుకంటే, ఛాలెంజ్‌లో 90 శాతం కుక్కలు రెండు వారాల్లోపు స్పందిస్తాయి, సగం అయిదు రోజుల్లోపే. నాలుగు నెలలు దాటిన తర్వాత తేలింది ఇంతే: పరీక్షించినవాటిలో చికెన్ తప్ప మిగతావన్నీ బ్రూనో తినొచ్చు. కోడి మాంసం పడని కుక్కకు కోడిగుడ్డు పడొచ్చన్నది చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం.

ఛాలెంజ్ మీద రెండు అభిప్రాయాలున్నాయి. హాయిగా ఉన్న కుక్కను మళ్లీ గోకించడం ఎందుకని పెంచుకునేవాళ్లు అంటారు, ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. వైద్యులు ఎదురు చెప్పేది, ఆ రెండు వారాల అసౌకర్యం లేకపోతే కుక్క జీవితాంతం అనవసరమైన ఖరీదైన ఆహారం మీద ఉండొచ్చని. కాలం తగ్గించడానికి మొదటి కొద్ది వారాలు దురద తగ్గించే మందు ఇచ్చి, ఆపాక తిరగబెడుతుందేమో చూసే పద్ధతిని కూడా ఇప్పుడు కొందరు వాడుతున్నారు. తీవ్రంగా గోకే కుక్కకు అది ఊరట.

పరీక్ష చెడగొట్టేవి చాలావరకు గిన్నె బయట ఉంటాయి. మాంసం వాసనతో వచ్చే నమిలే మాత్రలు, రుచి కలిపిన టూత్‌పేస్ట్, జెలటిన్ క్యాప్సూల్, నమలడానికి ఇచ్చే తోలు ముక్క, ఇంట్లో పిల్లి గిన్నె. వీటన్నిటికంటే ముఖ్యంగా, ‘ఒక్కటే కదా’ అని ఎవరికీ చెప్పకుండా బిస్కెట్ పెట్టే కుటుంబ సభ్యులు. వాళ్లు ఏ ఇంట్లోనైనా ఉంటారు.

గ్రెయిన్ ఫ్రీ దీనికి జవాబేనా?

గ్రెయిన్ ఫ్రీ అంటే ధాన్యం లేదని మాత్రమే. అందులో చికెన్ నిండుగా ఉండొచ్చు. ధాన్యం పడని కుక్కలు ఉన్నాయి, ఐరిష్ సెట్టర్ జాతిలో గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే వంశపారంపర్య జబ్బు కూడా నమోదైంది. కానీ 297 కుక్కల లెక్కలో ముందున్నవి మాంసం, పాలే. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ బఠాణీలు, పప్పులు ఎక్కువగా ఉన్న, చాలావరకు గ్రెయిన్ ఫ్రీ ఆహారాలకూ గుండె కండరం సాగిపోయే డీసీఎం జబ్బుకూ సంబంధముందేమోనని విచారణ మొదలుపెట్టింది. అది కారణమని నిరూపణ కాలేదు, పూర్తిగా కొట్టివేయనూ లేదు.

దురద సగమే తగ్గితే

బ్రూనో కథ కాస్త సుఖాంతం కోసం రాసుకున్నది. చాలా ఇళ్లలో ఎనిమిది వారాల తర్వాత దురద 8 నుంచి 5కు వచ్చి ఆగిపోతుంది. ఆహారం పని చేయలేదని సంచి పక్కన పడేస్తారు. తిండితోపాటు దుమ్ము పురుగులో, పుప్పొడో కూడా పడని కుక్కల్లో సరిగ్గా ఇలాగే జరుగుతుంది. రెండు బరువులు మోస్తున్న కుక్క మీంచి ఒకటి దింపితే నడక మారుతుంది గానీ పూర్తిగా తేలికపడదు.

ఇక్కడా తేల్చేది ఛాలెంజే. పాత తిండి పెట్టగానే 5 నుంచి మళ్లీ 8కి వెళ్తే, ఆ మూడు అంకెలు తిండివి. మిగిలిన అయిదింటికి పర్యావరణ అలెర్జీ చికిత్స వేరుగా నడవాలి. పాత తిండి పెట్టినా 5 దగ్గరే నిలబడితే, తగ్గిన ఆ మూడూ బహుశా చెవి మందు వల్లనో కాలం మారడం వల్లనో వచ్చినవి. అప్పుడు ఖరీదైన సంచి ఆపేసి, కుక్కకు ఇష్టమైన పాత గిన్నె తిరిగి పెట్టేయొచ్చు.